అనుమతి ఉన్నట్టు కనిపిస్తుంది, ఫైలు మాత్రం తెరుచుకోదు: ఎన్‌ఎఫ్‌ఎస్ చర్చ

గోదారిగట్టు:
మా విభాగంలోని లినక్స్ యంత్రాలన్నీ ఒకే ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లను పంచుకునే పద్ధతి) సర్వర్‌లోని ఫోల్డర్లను మౌంట్ చేసుకుంటాయి, అంటే సొంత ఫోల్డర్లలా వాడుకుంటాయి. నా పైథాన్ స్క్రిప్టు ఫైలు మోడ్ బిట్లను (ఎవరు చదవచ్చో, ఎవరు రాయవచ్చో చెప్పే గుర్తులను) చదివి, గ్రూపుకు రాసే అనుమతి ఉంటేనే ముందుకు సాగుతుంది. బిట్ల ప్రకారం అనుమతి ఉంది, ఐడీ కమాండు ప్రకారం నేను ఆ గ్రూపులోనే ఉన్నాను. అయినా ఫైలు తెరవబోతే ‘పర్మిషన్ డినైడ్’ వస్తోంది. బిట్లకు బదులు ఓఎస్ డాట్ యాక్సెస్ (అనుమతి ఉందో లేదో చెప్పే పైథాన్ ఫంక్షన్) వాడితే సరైన జవాబు వస్తుందా?

పాతసర్వర్:
కొంత మేలు. బిట్లు మీ యంత్రానికి కనిపించే సమాచారం మాత్రమే, నిర్ణయం సర్వర్‌ది. ఎన్‌ఎఫ్‌ఎస్ రెండో వెర్షన్‌లో క్లయింటే, అంటే మీ యంత్రమే, బిట్లను చూసి అంచనా వేసుకునేది. 1995 నాటి మూడో వెర్షన్‌లో యాక్సెస్ అనే ప్రత్యేక అభ్యర్థన చేరినందువల్ల ఇప్పుడు ఆ ప్రశ్న సర్వర్ దాకా వెళ్తుంది. ఇంతకీ స్క్రిప్టును రూట్‌గా (సర్వాధికారాలున్న యూజరుగా) నడుపుతున్నారా? రూట్ స్క్వాష్ అనే సెట్టింగ్ ఉంటే సర్వర్ రూట్‌ను ప్రత్యేక అధికారాలు లేని నోబడీ అనే యూజరుగా మార్చేస్తుంది.

గోదారిగట్టు:
లేదండీ, మామూలు యూజరుగానే.

ఉత్తరద్వారం:
అయితే మీ గ్రూపులను లెక్కపెట్టండి. యూజరు, గ్రూపు సంఖ్యలను పంపే సాధారణ సిస్ భద్రతా పద్ధతిలో ఒక్కో అభ్యర్థనలో అదనపు గ్రూపులు 16 వరకే పడతాయి, మిగిలినవి సర్వర్‌కు చేరవు. లినక్స్ గ్రూపులను వాటి సంఖ్యల వరుసలో పేరుస్తుంది కనుక, చిన్న సంఖ్య గల కొత్త గ్రూపులో మిమ్మల్ని చేర్చిన రోజునే, అప్పటిదాకా పనిచేసిన మరో గ్రూపు జాబితా చివరి నుంచి జారిపోవచ్చు. సొంత డిస్కుపై అంతా సవ్యంగానే ఉంటుంది కాబట్టి దీన్ని పట్టుకోవడం కష్టం. లినక్స్ సర్వర్ అయితే మౌంట్‌డీకి (మౌంట్ అభ్యర్థనలను చూసుకునే సర్వర్ ప్రోగ్రాముకు) మేనేజ్ జీఐడీస్ అనే ఆప్షన్ ఇవ్వమనండి. అప్పుడు సర్వర్ గ్రూపులను తానే వెతుక్కుంటుంది, అయితే ఆ గ్రూపుల వివరాలు సర్వర్‌లోనూ ఉండాలి.

కమాండులైను:
నన్నడిగితే ముందస్తు తనిఖీయే అనవసరం. తనిఖీకీ తెరవడానికీ మధ్య అనుమతి మారవచ్చు. పైగా యాక్సెస్ కాల్ అసలు యూజర్ ఐడీని చూస్తుంది గానీ, సెట్‌యూఐడీ ప్రోగ్రాములో (ఎవరు నడిపినా ఆ ప్రోగ్రాము ఫైలు యజమాని హక్కులతో నడిచేది) అమల్లో ఉన్న ఐడీని చూడదు. నేరుగా తెరిచి, లోపం వస్తే అక్కడే పట్టుకోండి. తెరుచుకున్నంత మాత్రాన నిశ్చింత లేదు: రాసిన డేటా కాసేపు క్లయింట్ మెమరీలోనే ఉంటుంది కనుక, కోటా (మీకు కేటాయించిన స్థలం) నిండిన సంగతి ఎఫ్‌సింక్ (డేటాను వెంటనే భద్రపరచమనే కాల్) లేదా క్లోజ్ దగ్గర గానీ బయటపడకపోవచ్చు.

గోదారిగట్టు:
ఉత్తరద్వారం గారు చెప్పినట్టే నా గ్రూపులు 16 దాటాయి. అడ్మిన్ ఆ ఆప్షన్ పెట్టాక ఫైలు తెరుచుకుంది. కానీ ఈరోజే గ్రూపులో చేర్చిన సహోద్యోగికి ఇంకా నిరాకరణే వస్తోంది.

ఉత్తరద్వారం:
సర్వర్ గ్రూపుల జాబితాను కొంతసేపు గుర్తుంచుకుంటుంది. ఆ గడువు తీరాక మళ్లీ ప్రయత్నించమనండి.