కొత్త ఫీచర్ పెట్టిన ఫొటోలో వీణ మెట్లు తగ్గాయి: దసరా ముందు అన్నీ ఆపేయాలా?

బొబ్బిలి వీణ ఇల్లు (ప్రశ్న)

నమస్కారం. మాది బొబ్బిలి పక్కన గొల్లపల్లి. నాన్న వీణలు చేస్తారు. పెద్ద వీణలు పాఠాలకో కచేరీలకో ఎవరైనా అడిగితేనే. ఇల్లు గడిచేది సన్మానాలలో ఇచ్చే చిన్న వీణల మీద. చేతిపని వస్తువులు అమ్మే ఒక సైటులో మూడేళ్లుగా దుకాణం నడుపుతున్నాను. ఫొటోలు తీయడం, వివరాలు రాయడం, పార్సిల్ కట్టడం నా పని.

పోయిన నెలలో నా ఖాతాలో 'ప్రయోగ దశలో ఉన్నవి' అని ఒక కొత్త పేజీ కనిపించింది. అందులో నాలుగు మీటలు ఉన్నాయి. ఒకటి ఫొటో వెనుక దృశ్యాన్ని దానంతట అదే మార్చి అందంగా చేస్తుంది. రెండోది ఫొటో చూసి వివరణ రాస్తుంది. మూడోది మనం పెట్టిన ఫొటోలను కలిపి చిన్న వీడియో చేస్తుంది. నాలుగోది, వస్తువును దాచుకుని కొనకుండా ఉన్నవారికి తగ్గింపు ధర పంపిస్తుంది. కొత్తది నేర్చుకోవాలన్న ఉత్సాహంతో నాలుగూ ఒకే రోజు ఆన్ చేశాను.

వారానికి అరవై మంది చూసే దుకాణాన్ని నూట నలభై మంది చూశారు. ఎంత సంతోషించానో చెప్పలేను. పది రోజుల తర్వాత హైదరాబాదు నుంచి ఒకావిడ వీణ వెనక్కి పంపారు. ఫొటోలో ఉన్నది ఇది కాదని రాశారు. నాకు కోపం వచ్చింది. ఫొటో తీసిందీ నేనే, పెట్టెలో పెట్టిందీ నేనే. అప్పుడు ఆ ఫొటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాను.

వెనుక పాలరాతి గది, దీపాలు వచ్చాయి. అక్కడితో ఆగలేదు, వీణనూ ముట్టుకుంది. పనస కర్ర పసుపు రంగు పోయి టేకులా నల్లబడింది. తీగల కింద స్వరాలకు అడ్డంగా ఉండే మెట్లు లెక్కపెట్టాను, పందొమ్మిది. తాళం కోసం మీటే, పక్కన ఉండాల్సిన మూడు తాళ తీగలు లేనే లేవు. జానెడు వీణ అయినా నాన్న 24 మెట్లు వేయకుండా చేతి నుంచి వదలరు. ఆయనకు ఫోను చూపించాను. చాలాసేపు చూసి, "ఇది మన చేతిది కాదమ్మా. ఎవరిది?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఆ మీట ఆపేశాను. కానీ మారిన ఫొటోలు పాతవాటిగా తిరిగి రాలేదు. దసరాకు ఇంకా ఆరు వారాలే ఉంది. మూల నక్షత్రం నాటి సరస్వతీ పూజకు చిన్న వీణలు బాగా వెళ్తాయి. చూసేవారు రెట్టింపు అయిన మాటా నిజమే. అన్నీ ఆపేయాలా? ఏదైనా ఉంచుకోవచ్చా? వాడి చూసినవారు చెప్పండి.

పొందూరు నేత

చెల్లెమ్మా, నాకు ఇలాగే వివరణ దగ్గర జరిగింది. మా ఖాదీ పంచె ఫొటో చూసి ఆ ఫీచర్ 'మృదువైన సిల్కు మిశ్రమం' అని రాసింది. నేను చదవకుండానే అది దుకాణంలోకి ఎక్కింది. నాలుగు రోజులకు ఒక పాత కొనుగోలుదారు ఫోను చేసి, ఎప్పటి నుంచి కలుపుతున్నారని అడిగారు. ఆ రోజు అన్నం సహించలేదు.

మా ఊళ్లో ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఒంటి కదురు రాట్నం మీద ఆడవాళ్లు నూలు వడుకుతారు. ఫొటోలో బట్ట పడుతుంది గానీ ఈ పని పడదు. తెలియని చోట అది ఏదో ఒకటి నింపుతుంది. పైగా ఖాదీ అన్న మాటకు చట్టం ఉంది. 2013 నాటి ఖాదీ మార్క్ నిబంధనల ప్రకారం ఆ గుర్తు లేకుండా ఏ బట్టనూ ఖాదీ పేరుతో అమ్మకూడదు. రేపు ఎవరైనా నిలదీస్తే 'ఆ యంత్రం రాసింది' అంటే కుదరదు, దుకాణం మీద ఉన్నది నా పేరు. మీకు బొబ్బిలి వీణ అన్న పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. దాని పక్కన టేకు అని పడితే నష్టం మీ ఒక్కరికే కాదు, గొల్లపల్లిలో ఉలి పట్టిన ప్రతి ఇంటికీ.

వివరణ మీట ఈ రోజే ఆపండి.

బుడితి ఇత్తడి

తగ్గింపు మీట సంగతి నేను చెబుతాను, లెక్కతో సహా. నా చెంబు ధర 1,200. లోహం, బొగ్గు, కూలి కలిపి 900. పెట్టెకు 60. సైటు వాటా నూటికి 12, అంటే 144. మిగిలేది 96 రూపాయలు. ఆ మీట నూటికి 15 తగ్గించి 1,020కి అమ్మింది. సైటు వాటా 122 పోగా నాకు చేతి నుంచి 62 రూపాయలు పడింది. అలా ఏడు చెంబులు వెళ్లాక గాని గమనించలేదు. తగ్గింపు ఎంతో మీరే నిర్ణయించే వీలు లేకపోతే దాని జోలికి వెళ్లకండి.

ఇక చూసేవారు పెరిగారన్నారు. నాలుగూ ఒకేసారి ఆన్ చేశారు కాబట్టి దేని వల్ల పెరిగారో తెలియదు. ఒక్కటే ఆన్ చేయండి, అదీ సగం వస్తువులకే. ఒకే రకం, ఒకే ధర ఉన్నవాటిని రెండు భాగాలు చేసి నాలుగు వారాలు చూడండి. వారానికి రెండు ఆర్డర్లు మూడయ్యాయంటే అది తేడా కింద రాదు. దసరా నెలలో అసలు పరీక్ష పెట్టకండి. విజయనగరంలో సిరిమానోత్సవం జరిగే వారం నా అమ్మకాలు ఎలాగూ పెరుగుతాయి. ఆ పెరుగుదలను కొత్త మీట ఖాతాలో వేసి ఒక ఏడాది నేను మోసపోయాను.

విజయనగరం కోట వీధి

నేను అమ్మేదాన్ని కాదు, వీణ నేర్పేదాన్ని. మెట్ల గురించి ఒక్క మాట. స్థాయికి 12 స్వరస్థానాల చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు. పందొమ్మిది మెట్ల వీణ ఫొటో చూస్తే నా విద్యార్థులలో చిన్నపిల్ల కూడా పట్టేస్తుంది. సన్మానానికి చిన్న వీణలు కొనేవారిలో సంగీతం తెలిసినవాళ్లే ఎక్కువ. ఆ హైదరాబాదు ఆవిడ తప్పు పట్టలేదండి, వీణను గుర్తుపట్టారు. అసలు ఫొటోతో ఆమెకు ఒక ఉత్తరం రాయండి.

బొబ్బిలి వీణ ఇల్లు

అందరికీ ధన్యవాదాలు. వివరణ, తగ్గింపు మీటలు రాత్రే ఆపేశాను. నా లెక్క కూడా వేసి చూశాను. చిన్న వీణ మీద నష్టం రాలేదు గానీ నాన్న కూలిలో సగం పోయింది. ఆయనకు ఇంకా చెప్పలేదు.

ఫొటోలన్నీ తీసేసి, పొద్దున ఎనిమిదింటికి అరుగు మీద ఎండ వాలుగా పడేటప్పుడు మళ్లీ తీశాను. వీడియో మీట మాత్రం ఉంచాను. అది నా ఫొటోలను వరుసగా చూపిస్తుందే తప్ప కొత్తగా ఏదీ గీయడం లేదని ఒక్కొక్క చిత్రం ఆపి చూసుకున్నాను. ఆరు వీణల్లో మూడింటికే పెట్టాను, నవరాత్రులు మొదలయ్యే ముందు రోజు ఆపేస్తాను. హైదరాబాదు ఆవిడకు ఉత్తరం రాశాను. నాన్న మెట్లకు మైనం పెడుతున్న ఫొటో అడిగారు, పంపాను.

పొందూరు అన్నగారూ, పంచెకు మీరే స్వయంగా రాసిన వివరణ ఒకటి ఇక్కడ పెట్టగలరా? చూసి నేర్చుకుంటాను.