'మా నాన్నకు బంకు ఉంది' అని ఇంగ్లీషులో రాస్తే తప్పా?

నాగావళి ఒడ్డు, రాయగడ:
మా అన్నయ్య కూతురు ఆరో తరగతి చదువుతోంది. నాన్న గురించి ఇంగ్లీషులో అయిదు వాక్యాలు రాయమంటే, మొదటి వాక్యమే 'మా నాన్నకు స్టేషను రోడ్డులో బంకు ఉంది' అని రాసింది. టీచరు గారు ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన 'అర్థం లేని మాట' అని ఇంగ్లీషులో రాశారు. ఇంగ్లీషులో ఆ మాటకు ఉన్న అర్థం చెప్పారో, పిల్ల రాసినదానికి అర్థం లేదన్నారో మాకు తెలియలేదు. పిల్ల రెండోదే అనుకుంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

అన్నయ్య బంకు అంటే నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన చెక్కపెట్టె. ముందు పలక పైకెత్తి కర్ర పోటు పెడితే అదే చూరు. లోపల ఒక మనిషి మఠం వేసుకుని కూర్చునేంత చోటు. తడి గోనె కింద తమలపాకులు, సున్నం డబ్బా, అడకత్తెర, సిగరెట్టు ముట్టించుకోవడానికి వేలాడదీసిన కొబ్బరి తాడు. పద్దెనిమిదేళ్ళుగా మా ఇంటి బియ్యం అందులోంచే వస్తున్నాయి. దాన్ని బంకు అనక ఏమనాలి?

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
అమ్మా, పిల్ల బాధపడినందుకు నాకూ కష్టంగానే ఉంది. కానీ ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పినవాడిగా టీచరు వైపే మాట్లాడతాను. ఇంగ్లీషువాడికి బంక్ అంటే మొదట ఓడలోనో హాస్టల్లోనో ఒకదాని మీద ఒకటి వేసే మంచం. రైల్లో మనం బెర్తు అంటామే, అలాంటిది. రెండోది పస లేని మాట. ఆ రెండో అర్థం పుట్టుక అమెరికాలో. అక్కడ నార్త్ కరోలినాలో బంకమ్ అనే కౌంటీ ఉంది. దాని ప్రతినిధి ఫెలిక్స్ వాకర్ 1820లో, బానిసత్వం ఉన్న మిస్సోరిని రాష్ట్రంగా చేర్చుకోవాలా అనే పెద్ద చర్చ జరుగుతున్నప్పుడు లేచారు. ఓటింగు పెట్టండని సభ అంతా అరుస్తున్నా, తాను బంకమ్ ప్రజల కోసం మాట్లాడుతున్నానన్నారు. అప్పటి నుంచి సభలో ఊకదంపుడు మాటలకు ఆ ఊరి పేరే పడింది. తర్వాత దాని తోక తెగి బంక్ అయింది. చరిత్ర ఇంచుమించు బంకే అని 1916లో హెన్రీ ఫోర్డ్ అన్నది ఈ అర్థంలోనే. 1923 నాటికి అబద్ధాల గుట్టు విప్పడానికి డీబంక్ అనే క్రియ కూడా వచ్చేసింది. రేపు బోర్డు పరీక్షలో ఎక్కడివారో పేపరు దిద్దితే, 'మా నాన్నకు మంచం ఉంది' అని చదువుకుంటారు. మార్కు పోయేది పిల్లకే.

వంశధార, గుణుపురం:
మాస్టారూ, పేపరు దిద్దే ఆయన హైదరాబాదులోనో చెన్నైలోనో ఒక్కరోజు పెట్రోలు పోయించుకుని ఉంటే అలా చదవరు. పెట్రోలు బంకు అని దక్షిణాదిలో ఇంగ్లీషు పత్రికలు కూడా రాస్తాయి. మా ఊళ్ళో ఒడియా మిత్రులు పంపు అంటారు, మేము బంకు అంటాము. ఒకసారి బండిలో పెట్రోలు అయిపోయి, తోసుకుంటూ వెళ్ళి ఒక పెద్దాయనను దగ్గరలో బంకు ఉందా అని అడిగాను. ఒడియాలో బంకా అంటే వంకర. దారి వంకరగా ఉందా అని అడుగుతున్నాననుకుని, 'లేదు బాబూ, తిన్నగానే ఉంటుంది, వెళ్ళు' అన్నారు. మూడు కిలోమీటర్లు తోశాను. ఆయనదీ తప్పు కాదు, నాదీ తప్పు కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మన తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చాయి. మాటలకు ఎవరూ సరిహద్దు రాళ్ళు పాతలేదు.

బరంపురం కోడలు:
అసలు ఇది మన మాటే అని నా నమ్మకం. బంక అంటే జిగురు. ఈ బంకులు గోడకు అంటుకుని ఉంటాయి కాబట్టి ఆ పేరు వచ్చిందని మా మామగారు చెప్పేవారు. ఇక పిల్లలు క్లాసు బంకు కొట్టడం వేరే సంగతి.

మహేంద్రతనయ:
అమ్మా, మామగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. చెవికి ఇంపుగా వినిపించింది కదా అని దాన్ని మాట పుట్టుక అనుకోకూడదు. బంక నుంచి బంకు వచ్చిందనడానికి పాత వాడుకలో ఒక్క ఆధారమైనా చూపాలి. బడి ఎగ్గొట్టడం అనే అర్థం మాత్రం మనం కల్పించినది కాదు, ఇంగ్లండులోనూ ఉంది.

వంశధార:
మాస్టారూ, మీరు ఉండేది గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు. జనం నోట్లో ఉన్న మాటకు బడిలో చోటు లేకపోతే చదువు ఎందుకని ఆయన పోరాడారు. సవరల పిల్లల కోసం సవర భాష నేర్చుకుని నిఘంటువు చేశారు. ఆ వీధుల్లో నడుస్తూ మీరు ఎర్ర సిరా వైపు నిలబడతారా?

మహేంద్రతనయ:
ఆ మాట గట్టిగా తగిలింది. గిడుగువారు పోరాడింది తెలుగు రాతలో తెలుగువాడి మాట ఉండాలని. పరాయి భాష రాసేటప్పుడు అవతలివాడికి అర్థమయ్యేలా రాయమనడం దానికి విరుద్ధం కాదు. అయినా ఒకటి ఒప్పుకుంటున్నాను. టీచరు గారు ఆ మాట చుట్టూ సున్నా చుట్టే ముందు 'బంకు అంటే ఏమిటమ్మా?' అని అడగాల్సింది. నేను కూడా చాలా నోటుబుక్కుల్లో అడగకుండానే కొట్టేశాను.

నాగావళి ఒడ్డు:
నిన్న సాయంత్రం అమ్మాయితో దుకాణం అని మార్చమన్నాను. 'నాన్న దుకాణం అనరు కదా అత్తా' అంది. చివరికి బంకు అలాగే ఉంచి, కామా పెట్టి, 'రోడ్డు పక్కన చెక్కతో చేసిన చిన్న కొట్టు' అని ఇంగ్లీషులో కలిపింది. టీచరు గారికి నేను కూడా ఒక చీటీ రాద్దామనుకుంటున్నాను. మొదటి వాక్యం 'తప్పు రాసినందుకు క్షమించండి' అని పెట్టాను.

మహేంద్రతనయ:
పిల్ల వాక్యం ఇప్పుడు ఎక్కడైనా నిలబడుతుంది. పూర్తి మార్కులు వేస్తాను. చీటీలో ఆ మొదటి వాక్యం తీసేయండమ్మా. మా ప్రాంతంలో ఈ మాటకు ఇదీ అర్థం అని మాత్రం రాయండి. మర్యాదకు అది చాలు.

నాగావళి ఒడ్డు:
తీసేశాను మాస్టారూ. రేపు నోటుబుక్కులో పెట్టి పంపుతున్నాను.