వివియన్ లీ తెర మీద సరే, స్టేజీ మీద సంగతేంటి?

కృష్ణాతీరం:
మా ఫిల్మ్ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో మొదలైన గొడవ ఇది. అక్కడ గుడ్ మార్నింగ్ మెసేజీల కింద పూడిపోయింది కాబట్టి ఇక్కడికి తెస్తున్నాను. వివియన్ లీ కెమెరా వల్ల పుట్టిన నటి అని నా వాదన. ‘గాన్ విత్ ద విండ్’ (1939)లో స్కార్లెట్, ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ (1951)లో బ్లాంచ్, రెండింటికీ ఆస్కార్లు. అక్కడ వంక పెట్టడానికేం లేదు. కానీ షేక్స్‌పియర్ నాటకాల్లో పెద్ద వేషాలు దక్కింది మాత్రం ఇంగ్లీషు నాటకరంగంలో పెద్ద నటుడు, దర్శకుడు లారెన్స్ ఒలివియర్ భార్య కాబట్టే. ఆయన పక్కన లేకపోతే క్లియోపాత్రా, లేడీ మాక్‌బెత్ వేషాలు ఆవిడకి ఎవరిచ్చేవారు? ఒప్పుకోని వాళ్లు రండి.

నాటకాలరాయుడు:
ముప్పాతిక వంతు ఒప్పుకుంటాను. పరిషత్తు నాటకాలు ఆడేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, స్టేజీ మీద మొహం సంగతి తర్వాత, ముందు గొంతు. క్లోజప్‌లో కనుబొమ కదిపితే సరిపోతుంది. స్టేజీ మీద అలా కుదరదు, ఆఖరి వరసలో పల్లీలు తింటున్నవాడు కూడా తలెత్తాలి.

1935లో ‘ద మాస్క్ ఆఫ్ వర్చ్యూ’ నాటకంతో ఆవిడకి రాత్రికి రాత్రే పేరొచ్చింది. నిర్మాత అలెగ్జాండర్ కోర్డా సినిమా కాంట్రాక్టు చేతిలో పెట్టాడు. అదే నాటకాన్ని చిన్న హాల్లోంచి సెయింట్ జేమ్స్ థియేటర్‌కి మార్చేసరికి ఆవిడ గొంతు హాలుకి ఆనలేదు. కొన్నాళ్లకే ఆట ఎత్తేశారు. 1940లో ఒలివియర్, ఆవిడ ఇద్దరూ చేతిలో ఉన్న డబ్బంతా పోసి న్యూయార్క్ నాటకాల అడ్డా బ్రాడ్‌వేలో ‘రోమియో అండ్ జూలియట్’ వేశారు, అదీ మునిగింది.

ఇక విమర్శకుడు కెన్నెత్ టైనన్. భార్య తేలిపోకూడదని ఒలివియర్ తన నటననే తగ్గించుకుంటున్నాడని 1951లో ఏకిపారేశాడు. 1955లో షేక్స్‌పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆయన నాటకం ‘టైటస్ ఆండ్రానికస్’ చూసి రాసింది ఇంకా ఘాటు. అందులో లవీనియాని భర్త శవం మీదే పాడు చేయబోతున్నారని తెలుస్తుంది. అప్పుడు వివియన్ మొహంలో కనిపించింది ‘డన్‌లప్ పరుపయితే బాగుండేది’ అనుకునే మనిషి చిరాకంతేనట! డెబ్భై ఏళ్లయినా జనం ఆ వాక్యం చెప్పుకుని నవ్వుతున్నారు.

డార్జిలింగ్ చాయ్:
1913లో డార్జిలింగ్‌లో పుట్టింది కదండీ, ఆ లెక్కన మన అమ్మాయే!

కృష్ణాతీరం:
ఆరేళ్లు దాటగానే ఇంగ్లండ్‌లో కాన్వెంట్‌లో పడేశారు చాయ్ గారూ. దార్లో పోయేవాళ్లని చుట్టరికం కలపకండి.

రమణి:
రాయుడు గారు ఇచ్చిన వివరాలన్నీ నిజమే. కానీ వరసగా పెట్టి చూస్తే వేరే కథ కనిపిస్తుంది.

1935లో గొంతు ఆనలేదు, సరే. అప్పటికి ఆవిడ వయసు ఇరవై ఒకటి. 1949 అక్టోబర్‌లో లండన్‌లోని ఆల్డ్‌విచ్ థియేటర్‌లో ‘స్ట్రీట్‌కార్’ నాటకంలో బ్లాంచ్ వేషం కట్టింది, సినిమా కంటే ముందు. వెయ్యికి పైగా సీట్లున్న హాలు అది. ఎన్ని ఆటలాడిందో తెలుసా? 326. అందులో ఒలివియర్ నటించలేదు, డైరెక్టరు మాత్రమే. బ్లాంచ్ అంటే మూడు గంటల పాటు దాదాపు స్టేజీ దిగని వేషం. గొంతు లేని మనిషి వారానికి అన్నేసి ఆటల చొప్పున నెలల తరబడి దాన్ని లాగగలదా? మీరే స్టేజీ మనిషి కదా, చెప్పండి.

సినిమాలో బ్లాంచ్ ఆ 326 ఆటల్లోంచే వచ్చింది. తారాగణం చూడండి. మార్లన్ బ్రాండో, కిమ్ హంటర్, కార్ల్ మాల్డెన్ ముగ్గురూ బ్రాడ్‌వేలో ఆ నాటకం ఆడినవాళ్లే. వాళ్ల డైరెక్టరు ఎలియా కజానే సినిమాకీ డైరెక్టరు. బ్రాడ్‌వేలో బ్లాంచ్ వేసిన జెస్సికా టాండీని తప్పించి ఈవిడ్ని తెచ్చారు. ముందే కలిసిపోయిన ఇంట్లోకి కొత్త కోడలిలా వెళ్లిందన్నమాట. రైలు పొగలోంచి చిన్న పెట్టె పట్టుకుని బయటికొచ్చే ఆ మొదటి షాట్ మళ్లీ చూడండి. ఎటు వెళ్లాలో తెలియని మనిషి, దారి అడిగేటప్పుడు కూడా మర్యాద తెలిసినదాన్ని అని చూపించుకోవాలన్న ఆరాటం. అది ఎడిటింగ్ టేబుల్ మీద పుట్టేది కాదు.

ఇక టైనన్. ఆ పరుపు జోకు అందరికీ నోటికొచ్చు. 1955లో అదే స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆవిడ వేసిన లేడీ మాక్‌బెత్‌నీ అతను తీసిపారేశాడు. తర్వాత మాత్రం, తాను చేసిన అతి పెద్ద పొరపాటు అంచనాల్లో అదొకటని తనే ఒప్పుకున్నాడు. మొగుణ్ణి ఆకర్షణతో కట్టిపడేసే లేడీ మాక్‌బెత్, మామూలుగా చూసే గయ్యాళి కంటే నమ్మేలా ఉందన్నాడు. ఈ మాట మీలో ఎంతమంది విన్నారు? తిట్టు ఊరంతా తిరుగుతోంది, దాన్ని వెనక్కి తీసుకున్న సంగతి ఎవరికీ పట్టలేదు.

పైగా ఆ లవీనియా ఎవరు? కథలో కాసేపటికే నాలుక కోసేస్తారు, చేతులు నరికేస్తారు. డైరెక్టరు పీటర్ బ్రూక్ ఆ రక్తాన్ని ఎర్ర రిబ్బన్లతో చూపించాడు, నోట్లోంచీ మణికట్ల నుంచీ వేలాడే రిబ్బన్లు. అక్కడి నుంచి ఒక్క మాట లేకుండా నటించాలి. గొంతు లేదన్నవాళ్లు ఆ నాటకాన్నే సాక్ష్యంగా తెస్తే ఎలా?

నాటకాలరాయుడు:
రమణి గారూ, జోకు నాలుక కోయక ముందు సీను గురించి. అక్కడ మాటలున్నాయి.

రమణి:
ఉన్నాయి. ఆ ఒక్క సీనుకి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. మిగతా నాటకం మాటేంటి?

కృష్ణాతీరం:
టైనన్‌ని పక్కన పెట్టినా కజాన్ ఉన్నాడుగా. ఆవిడ ప్రతిభ చిన్నదే గానీ పట్టుదల అపారమని, నటనకి పనికొస్తుందంటే గాజుపెంకుల మీద పాక్కుంటూ అయినా వెళ్తుందని అన్నది ఆయనే. శత్రువు కాదు, ఆస్కార్ తెప్పించిన డైరెక్టరు! షూటింగ్ మొదట్లో ‘లండన్‌లో మేం ఇలా చేశాం’ అంటూ ఒలివియర్ పద్ధతినే పట్టుకుని కూర్చుంటే, దాన్ని వదిలించడానికి ఆయనకి వారాలు పట్టింది. నేనన్నది అదే, సొంత దారి లేదు.

రమణి:
326 సార్లు ఆడిన వేషాన్ని ఒకాయన వచ్చి మార్చమంటే మీరు మార్చుకుంటారా? నేనైతే కొట్లాడతాను. ఆవిడ కొట్లాడింది, ఆ తర్వాత మార్చుకుంది కూడా. ‘పట్టుదల’ అనే మాట ఆవిడ విషయంలోనే తక్కువ చేసి చెప్పడానికి ఎందుకు వాడతారో నాకర్థం కాదు. హీరో గాజుపెంకుల మీద పాకితే అంకితభావం అంటాం.

1960లో విడాకులయ్యాయి. తర్వాత ఓల్డ్ విక్ అనే లండన్ నాటక కంపెనీతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, లాటిన్ అమెరికా టూర్ చేసింది. 1963లో ‘టొవారిచ్’ అనే మ్యూజికల్‌కి టోనీ అవార్డు, అంటే బ్రాడ్‌వే నాటకాలకిచ్చే అవార్డు. ఒలివియర్ లేడు, క్లోజప్ లేదు, పైగా పాటలు!

హ్యూస్టన్ సుధ:
ఇంతసేపు ఎవరూ ఆవిడ జబ్బు ఊసెత్తలేదు. 1953లో ‘ఎలిఫెంట్ వాక్’ షూటింగ్‌కి సిలోన్ వెళ్లి మానసికంగా పూర్తిగా కూలిపోయింది. ఆ పాత్ర ఎలిజబెత్ టేలర్‌కి వెళ్లింది, దూరం షాట్లలో కొన్నిచోట్ల ఇప్పటికీ వివియనే ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఆస్పత్రిలో పెట్టి కరెంట్ షాక్ చికిత్స ఇచ్చారు. ఇప్పుడు బైపోలార్ అంటాం. దానికి తోడు 1940ల మధ్య నుంచి క్షయ. 1955లో అదే మనిషి స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒకే సీజన్లో ‘ట్వెల్ఫ్త్ నైట్’లో వయోలా, లేడీ మాక్‌బెత్, లవీనియా, మూడు వేషాలూ వేసింది. ఆ టైంలో వచ్చిందే రాయుడు గారు చెప్పిన ఆ పరుపు రివ్యూ.

అలాగని ‘పిచ్చి వల్లే బ్లాంచ్ అంత బాగా చేసింది’ అని ఎవరూ మొదలెట్టకండి దయచేసి. నేను సైకియాట్రీ వార్డులో పనిచేస్తాను. జబ్బు ముదిరినప్పుడు మనిషి నిద్ర పోలేదు, ఒక్కచోట కూర్చోలేదు. డైలాగులు గుర్తుంచుకుని లైటు కింద సరిగ్గా గీత మీద నిలబడటం జబ్బు చేసే పని కాదు. జబ్బుతో పెనుగులాడుతూ చేసిన పని.

నాటకాలరాయుడు:
సుధగారూ, ఇది చదివాక డన్‌లప్ జోకు అంత నవ్వు రావట్లేదు. అయినా స్టేజీ మీద ఒలివియర్ స్థాయి అని మాత్రం అనను. క్లియోపాత్రాకి ఆ గొంతు చాలదనే నా నమ్మకం.

రమణి:
ఒలివియర్ స్థాయి అని నేనూ అనలేదు. ఆయన పక్కన నిలబెట్టి చూస్తే ఆ రోజుల్లో ఎంతమంది నిలిచేవారు? ఆవిడకి పడ్డ శిక్షల్లా రోజూ ఆయన పక్కనే నిలబడటం. కృష్ణాతీరం గారు అన్నట్టు పెళ్లి వల్ల వేషాలు వచ్చి ఉండొచ్చు, ఆ కొలబద్ద కూడా పెళ్లి వల్లే వచ్చింది.

ఇంకోటి. 1935లో ఆవిడ గొంతు ఆనలేదన్న సెయింట్ జేమ్స్ థియేటర్ ఉంది చూశారూ, 1951లో క్లియోపాత్రాలు ఆడింది అదే హాల్లో. ఒక రాత్రి బెర్నార్డ్ షా నాటకం, మరో రాత్రి షేక్స్‌పియర్‌ది, రెండూ జనం టిక్కెట్టు కొని చూసినవే. 1957లో ఆ హాలు పడగొడతామంటే ఆవిడ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో సభ జరుగుతుండగా లేచి అరిచింది. బయటికి పంపించేశారు. హాలు దక్కలేదు గానీ, గొంతు మాత్రం లార్డులందరికీ వినపడింది.

నాటకాలరాయుడు:
హహ్హ, అది బాగుంది. ఒక్కటే బాధ. ఆమెతోనే ‘మాక్‌బెత్’ సినిమాగా తీయాలని ఒలివియర్ తిరిగాడు, డబ్బు పుట్టక ఆగిపోయింది. అది వచ్చి ఉంటే మనకి ఈ గొడవే ఉండేది కాదు.

రమణి:
ఎందుకుండదు? ‘కెమెరా ఉంది కాబట్టి బాగుంది’ అని కృష్ణాతీరం గారు కొత్త థ్రెడ్ తెరిచేవారు.

కృష్ణాతీరం:
తెరిచేవాణ్ణే.