పాత రేడియో వాల్యూమ్ కంట్రోల్: బాగు చేయాలా, మార్చేయాలా?

తాతయ్య_రేడియో:
మా తాతయ్య 1960లలో కొన్న వాల్వు (గాజు గొట్టాల) రేడియో సెట్. వాల్యూమ్ తిప్పితే గరగర, సగం దాటాక ఒకచోట శబ్దం పూర్తిగా పోతుంది. కంట్రోల్ 500 కిలో ఓమ్‌ల లాగ్ రకం (మొదట్లో శబ్దం మెల్లగా పెంచేది), ఆన్-ఆఫ్ స్విచ్ కూడా దానికే ఉంది. మెకానిక్ కొత్తది వేసేద్దామంటున్నారు. తాతయ్య రోజూ ప్రాంతీయ వార్తలకు తిప్పిన భాగం అది, పారేయడానికి మనసొప్పట్లేదు.

కోఠి_పార్ట్స్:
మార్చేయండి. ఉత్త గరగరైతే దుమ్ము, క్లీనర్‌తో పోతుంది. శబ్దమే పోతోందంటే కంట్రోల్ లోపలి కార్బన్ పట్టీ అరిగింది. అరిగిన కార్బన్‌ను ఏ స్ప్రే తిరిగి తేలేదు. పెన్సిల్ రుద్దమంటే వినకండి, ఆ గ్రాఫైట్ నిలవదు. కొనేటప్పుడు లాగ్ రకమే అడగండి. లీనియర్ (తిప్పినంత మేరా సమానంగా మారేది) వేస్తే కాస్త తిప్పగానే మోత మోగిపోతుంది.

డయల్_దీపం:
నేనొప్పుకోనండీ. కంట్రోల్ నుంచి వాల్వు గ్రిడ్‌కి (శబ్ద సంకేతం లోపలికి వెళ్లే కాలుకి) వెళ్లే చిన్న కెపాసిటర్ చూశారా? డీసీ కరెంటును ఆపి సంకేతాన్ని మాత్రమే పోనిచ్చేది అది. ఆ కెపాసిటర్ లీకైతే కంట్రోల్ మీదున్న డీసీ గ్రిడ్‌కి చేరి, తిప్పినప్పుడల్లా గరగరమంటుంది. ఒక సెట్టుకి రెండు కంట్రోళ్లు మార్చాక గానీ నాకీ సంగతి అర్థం కాలేదు.

ఇక అరుగుదల. కంట్రోల్ డబ్బాను మూసి ఉంచే రేకు చెవులు మెల్లగా లేపి తెరవండి. పట్టీ మీద జారే ముల్లు ఇన్నేళ్లూ ఒకే గీతలో తిరిగి ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి పక్కకు వంచితే అరగని కార్బన్ మీదికొస్తుంది. అక్కడా అరిగితే, అదే సైజు కొత్త కంట్రోల్‌లోని పట్టీ తీసి పాత డబ్బాలో అమర్చొచ్చు. మొత్తం మార్చారనుకోండి, నాబ్ తొడిగే పాత షాఫ్ట్ (కడ్డీ) మందం పావు అంగుళం, ఇప్పటివి ఎక్కువగా 6 మిల్లీమీటర్లు. మీ పాత నాబ్ వదులైపోతుంది.

కోఠి_పార్ట్స్:
నాబ్ మాట నిజమే. కానీ ఆ స్విచ్‌లో 230 వోల్టులు పారతాయి. అరవై ఏళ్ల స్విచ్‌ని ఇంట్లో పిల్లలుండగా నేను నమ్మను. క్లీనర్ దానిలోకి పోనివ్వకండి. ప్లగ్ పీకి, పెద్ద కెపాసిటర్లు డిశ్చార్జ్ చేశాకే చెయ్యి పెట్టండి.

తాతయ్య_రేడియో:
మెకానిక్ గారి దగ్గరే కూర్చుని తెరిపించాను. పట్టీ మధ్యలో తెల్లటి గాడి, అంచున ఇంకా నల్లటి కార్బన్ ఉంది. ముల్లు వంచాక శబ్దం ఎక్కడా పోవట్లేదు. గరగర కొంచెం మిగిలింది, రేపు కెపాసిటర్ మారుస్తున్నాం. స్విచ్ భయం నాకూ పట్టుకుంది. ఇకనుంచి గోడ స్విచ్‌తోనే ఆఫ్ చేస్తాను.