బోంగో కోసం ఏ మంచె మీద కూర్చోవాలి?

ఉద్యోగరీత్యా కాంగో రిపబ్లిక్ రాజధాని బ్రాజవిల్‌లో ఉంటున్నాను. జనవరిలో ఓ వారం సెలవు దొరికేలా ఉంది. ఎర్రటి ఒంటి మీద తెల్లచారలుండే బోంగో అనే పెద్ద జింకలాంటి జంతువును అడవిలో ఒక్కసారైనా చూడాలని కోరిక. దట్టమైన చెట్ల మధ్య వెతకడం దండగ. ఉప్పు, ఖనిజాలున్న మట్టి కోసం జంతువులు వచ్చే 'బాయి' అనే చిత్తడి బయళ్ల దగ్గరే కాపు కాయాలి.

రెండింటి మధ్య తేల్చుకోలేకపోతున్నాను. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లోని జాంగా బాయికి ఏనుగులు గుంపులుగా వస్తాయి, బోంగోలూ వస్తాయి. కానీ సరిహద్దు దాటాలి, వీసా టెన్షన్. ఎంబెలి బాయి ఈ దేశంలోనే, నువబాలే-ఎన్‌డోకి పార్కులో ఉంది. అక్కడ గొరిల్లాలు, సితతుంగాలు (చిత్తడి నేలల్లో తిరిగే జింకలాంటి జంతువులు) బాగా కనిపిస్తాయి, నాకేమో బోంగో కావాలి!

వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి. బోంగోలు మీకు ఏ వేళలో కనిపించాయి? రాత్రి మంచె మీద ఉండనిస్తారా? వానలు తగ్గే జనవరి మంచిదేనా? సాయంత్రం మసక వెలుతురులో 400 ఎంఎం లెన్స్ సరిపోతుందా? చెమట కోసం ముఖం మీద ముసిరే చిన్న ఈగల్లాంటి తేనెటీగలకు వలటోపీ తప్ప వేరే మార్గం ఉందా? ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాను, దాని గురించి వద్దు.