అన్న పొలం అమ్మకానికి పెట్టాడు, స్టే వస్తుందా?

ప్రశ్న (దేవరకొండ దగ్గరి ఊరు):
అందరికీ నమస్కారం. తాత నుంచి నాయనకు వచ్చిన 4 ఎకరాల 20 గుంటలు మా పుట్టింటి భూమి. అందులో రెండెకరాలు బత్తాయి తోట. నాయన పోయాక, రైతుబంధు డబ్బులు ఆగిపోతాయని చెప్పి అన్న తహసీల్దార్ ఆఫీసులో నాతో సంతకం పెట్టించాడు. ఇప్పుడు పాసుబుక్కు మొత్తం ఆయన పేరు మీదే ఉంది. మొన్న పండక్కి పోతే చెట్ల వరసల మధ్య సున్నంతో గీతలు గీసి ఉన్నాయి, ప్లాట్లు చేస్తారట. అడిగితే "నీకు కట్నం ఇచ్చినం గదా" అన్నాడు. వెంటనే స్టే తెచ్చుకోవచ్చా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు (నాగర్‌కర్నూల్):
అక్కా, మేం చేసిన తప్పు మీరు చేయకండి. తమ్ముడితో గొడవ వచ్చినప్పుడు భయపడి ఉత్త ఇంజంక్షన్ (పొలం జోలికి రాకుండా ఆపే ఆర్డర్) దావా ఒక్కటే వేశాం. పొలమంతా మా కబ్జాలోనే, అంటే మా స్వాధీనంలోనే ఉందని రాశాం. తీరా పాత పహాణీ (భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో రాసే రెవెన్యూ రికార్డు) తీస్తే సగం భూమికి అనుభవదారు కాలమ్‌లో తమ్ముడి పేరు. అదే చూసి పిటిషన్ కొట్టేశారు. ఏడాది వృథా అయింది. తర్వాత పంపకాల దావా వేస్తేనే దారికొచ్చింది.

జవాబు (నల్లగొండ, సివిల్ కేసులు చూసే లాయరును):
అమ్మా, పైన నాగర్‌కర్నూల్ నుంచి జవాబిచ్చినవాళ్లు చెప్పింది నిజం. ఉమ్మడి భూమిలో ఒక వాటాదారు కబ్జా అందరి కబ్జా కిందే లెక్క. అందుకే అన్నను పొలంలోకి రానివ్వొద్దని అడిగితే కోర్టు సాధారణంగా ఇవ్వదు. అమ్మొద్దు, చెట్లు నరకొద్దు, భూమి రూపు మార్చొద్దు అని అడగండి. పంపకాల దావా వేసి, దాంట్లోనే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39, రూల్ 1, 2 కింద ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) వేయాలి. మనం స్టే అనేది దీన్నే.

ముందు ఆ సంతకం ఏ కాగితం మీద పెట్టారో తెలుసుకోండి. విరాసత్ (వారసుల పేరు రికార్డుల్లో ఎక్కించడం) కోసం ఇచ్చిన ఒప్పుకోలు వేరు, రిజిస్టర్ అయిన రిలీజ్ డీడ్ (వాటా వదులుకుంటున్నట్టు రాసే దస్తావేజు) వేరు. రెండోదైతే దావాలో దాన్నీ సవాలు చేయాలి. పాసుబుక్కులో పేరెక్కినంత మాత్రాన మీ హక్కు పోదు. కట్నం ఇచ్చామన్న మాటతోనూ పోదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో కూతురు పుట్టుకతోనే వాటాదారు. ఆ సవరణ వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్డ్ దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకం జరిగి ఉంటే మాత్రం సంగతి వేరు.

జడ్జి మూడు చూస్తారు: మీ కేసులో పైకి కనిపించే బలముందా, ఆర్డర్ ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, జరిగే నష్టం డబ్బుతో పూడుతుందా. మూడోదానికి మీ దగ్గరున్న గట్టి సాక్ష్యం ఆ సున్నం గీతలే. కాపుకొచ్చిన చెట్టును జేసీబీ పెట్టి పీకేస్తే మళ్లీ ఎవరు తెస్తారు? వాన పడితే గీతలు పోతాయి, రేపే వెళ్లి తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి. నాయన పేరున్న పాత పహాణీలు, మరణ ధ్రువపత్రం కూడా పట్టుకోండి.

తొందర ఉందని చూపిస్తే అవతలివాళ్లకు నోటీసు లేకుండానే ఎక్స్‌పార్టీ ఆర్డర్ రావచ్చు. అది చేతికొచ్చిందని ఊరుకోకండి. పిటిషన్, అఫిడవిట్, దావా, కాగితాల నకళ్లు అవతలివాళ్లకు పంపి, పంపామని ఆ రోజో మర్నాడో కోర్టులో అఫిడవిట్ వేయాలి. చాలా ఆర్డర్లు ఇక్కడే దెబ్బ తింటాయి. ఆ ఐ.ఏ.ను 30 రోజుల్లో తేల్చేందుకు కోర్టు ప్రయత్నించాలని అదే ఆర్డర్ 39లోని రూల్ 3ఏ చెబుతుంది. ఆర్డర్ కాపీ తహసీల్దార్‌కూ ఇచ్చి రసీదు తీసుకోండి, వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ జరిగేది అక్కడే. ఆర్డర్‌ను లెక్కచేయకపోతే ఆస్తి జప్తు, 3 నెలల దాకా సివిల్ జైలు. దావా నడుస్తుండగా అమ్మినా, కొన్నవాళ్లు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే.

ఫీజు గురించి బెంగ వద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మండల న్యాయ సేవా కమిటీలోనో, నల్లగొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలోనో అర్జీ పెట్టండి.

ప్రశ్న వేసినామె:
సార్, చాలా ధైర్యం వచ్చింది. నేను సంతకం పెట్టింది విరాసత్ కాగితమే, రిజిస్ట్రేషన్ ఏమీ కాలేదు. ఒక్క మాట. అమ్మ అన్న దగ్గరే ఉంటుంది. ఆమె మీద కూడా కేసు వేయాలా? అదొక్కటే నా వల్ల కావడం లేదు.

జవాబు (నల్లగొండ):
ఆమెకూ వాటా ఉంది కాబట్టి పేరు పెట్టక తప్పదమ్మా. వాటాదారుల్లో ఒక్కరిని వదిలేసినా దావా నిలబడదు. ప్రతివాది అని రాసినంత మాత్రాన ఆమెతో తగాదా పెట్టుకున్నట్టు కాదు. ఆమె మీద ఏ ఫిర్యాదూ లేదని, ఆమె వాటా ఆమెకు రావాలనే కోరుతున్నామని దావాలోనే రాయించండి. సమన్లు ఇంటికి రాకముందే మీరు వెళ్లి, అన్న లేని వేళ చూసుకుని, పక్కన కూర్చుని చెప్పండి.