తమ్ముడు రెండోసారి డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికాడు, జైలు తప్పదా?

ఉప్పల్ అక్క:
అందరికీ నమస్తే. మా తమ్ముడు క్యాబ్ నడుపుతాడు. మొన్న శనివారం రాత్రి డ్యూటీ దిగాక తాగి బైక్ మీద ఇంటికొస్తుంటే ఎల్‌బీ నగర్ దగ్గర ఆపి ఊదించారు, మిషన్‌లో 112 వచ్చింది, బండి అక్కడే పెట్టేసుకున్నారు. వాళ్ళిచ్చిన చిట్టీ పట్టుకుని తెల్లారేదాకా మెట్ల మీదే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. 2021లో కూడా ఒకసారి దొరికి కోర్టులో ఫైన్ కట్టాడు. మూడేళ్ళు దాటితే పాత కేసు లెక్కలోకి రాదంట, నిజమేనా? ఒక బ్రోకరేమో 25 వేలిస్తే కోర్టుకు పోకుండా చూసుకుంటా అంటున్నాడు. ఇద్దరు చిన్నపిల్లలండీ వాడికి, నాకేం తోచట్లేదు.

కోర్టు పని చేసేవాణ్ణి:
అక్కా, ఆ బ్రోకర్‌కి ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇది హెల్మెట్ చలానాలాగా ఆన్‌లైన్‌లో కట్టేసి వదిలించుకునేది కాదు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185, మెజిస్ట్రేట్ ముందు నిలబడాల్సిందే, వాయిదాకి పోకపోతే వారెంట్ వస్తుంది. మూడేళ్ళ మాట పాత చట్టంలోది, 2019 సెప్టెంబర్ నుంచి అది తీసేశారు, ఎన్నేళ్ళ తర్వాత దొరికినా రెండోదే. లిమిట్ 100 ఎంఎల్ రక్తానికి 30 మిల్లీగ్రాములు, మీవాడిది మూడింతలు దాటిపోయింది. మొదటిసారికి 6 నెలల దాకా జైలు లేదా 10 వేల ఫైన్ లేదా రెండూ, రెండోసారికి 2 ఏళ్ళ దాకా జైలు లేదా 15 వేలు లేదా రెండూ. రెండేళ్ళూ వేస్తారని కాదు, ఫైనుతో పోతుందన్న గ్యారంటీ కూడా లేదు, అంతా జడ్జిగారి చేతిలో ఉంటుంది. లాయర్‌ని పెట్టుకోండి, పాత కేసు కాగితాలన్నీ ఆయనకి చూపించండి.

స్టీరింగ్ అన్న:
చెల్లీ, నేనూ డ్రైవర్నే, రెండుసార్లు దొరికినోణ్ణి. జైలు కంటే లైసెన్సే దెబ్బ కొడుతుంది. అదే చట్టంలో సెక్షన్ 20 ప్రకారం 185లో శిక్ష పడితే కనీసం 6 నెలలు లైసెన్స్ ఆపాలి. ఆ టైంలో నేను గోడౌన్‌లో సిమెంట్ బస్తాలు మోసిన, నా పాప స్కూల్ ఫీజుకి మా ఆవిడ పుస్తెలు తాకట్టు పెట్టినం. ఎవరూ చూడట్లేదులే అని మధ్యలో బండి తీయనివ్వకండి, అది మళ్ళీ వేరే కేసు. ట్రాఫిక్ పోలీసుల కౌన్సెలింగ్‌కి ఇంట్లోవాళ్ళని తీసుకురమ్మంటారు, మీరే పోండి. నాకు మా ఆవిడ పక్కన కూర్చున్నాక తల ఎత్తబుద్ధి కాలే, ఆ రోజు నుంచి ముట్టలేదు.

నల్గొండ తమ్ముడు:
అక్కా, తిట్టట్లేదు, తప్పుగా అనుకోకండి. మా బాబాయిని గుద్దినోడు కూడా అంతకుముందు ఒకసారి దొరికినోడే. ఎవరైనా చనిపోతే 185తో ఆగదు, భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 105, అంటే హత్య కాని ప్రాణనష్టం కేసు కింద పెడుతున్నారు, పదేళ్ళ దాకా పడొచ్చు. మీ తమ్ముడు ఎవరినీ గుద్దకముందే దొరికాడు.

ఉప్పల్ అక్క:
అందరికీ థాంక్స్. బ్రోకర్‌కి వద్దని చెప్పేశా. కౌన్సెలింగ్‌కి నేనూ మరదలూ ఇద్దరం వెళ్తున్నాం. పాత కేసు రసీదు బీరువాలో దొరికింది, రేపు లాయర్‌కి ఇస్తా. బండి తాళం మాత్రం నా దగ్గరే ఉంది.